మీరావలి నాలుగో ఫోటో

కల్బా
జనవరి 2024

తస్లీమాకు వదిన షహర్బాను సలాం.

ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటి అనుకుంటావు. నా ఫోన్ ఎప్పుడూ మీ అన్న చేతి దగ్గరే ఉంటుంది. ఇది ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. మీ షాపు వ్యాను నడిపే ప్రసాద్ ప్రతి గురువారం కేకుల మీద పెట్టే బొమ్మల కాగితాలు, బొమ్మలు అచ్చేసిన కప్పులు ఇక్కడి బేకరీకి తెస్తాడు కదా. ఆ బేకరీ మీ అన్న పనిచేసే, అరబ్బుల ఇళ్ళకు మజ్లిస్ పరుపులు కుట్టే షాపుకు పక్కనే. జవాబు అతని చేతికే ఇవ్వు.

పని చిన్నదే. ప్రొద్దుటూరు నుంచి అత్తమ్మ రోజూ ఒకటే పాట. "మావాడి ఫోటో ఒగటి పంపు, పెండ్లోళ్ళు అడగతాండారు" అంటుంది. నీకు చూసిన ఫర్దీన్ ఇంటివాళ్ళకు పిల్ల అన్నను చూడాలని ఉందట. తప్పేముంది? మామ లేడు. రేపు నిఖాలో నీ తరఫున కూర్చునేది మీ అన్నే. మీ అన్నకేమో ఫోటో అంటే విసుగు. పని ఎక్కువగా ఉంది, గడ్డం గీసుకోవడానికి కూడా తీరిక దొరకడం లేదు. నువ్వు షాపులో కంప్యూటర్‌కు మాటలు రాసి ఫోటోలు పుట్టిస్తున్నానని పోయినసారి చెప్పావు. మీ అన్నది ఒకటి అలా చేసి పెట్టు. షాపులో నిలబడినట్టు, కొంచెం నవ్వుతున్నట్టు, బాగుండేట్టు. ప్రింటు తీసి పంపితే చాలు, ఆయన పడుకున్నాక దాన్ని నేను ఫోన్‌తో ఫోటో తీసి అత్తమ్మకు పంపి, ఆయన కంటపడకుండా దాచుకుంటాను.

మీ అన్నతో మాట్లాడినప్పుడు ఈ సంగతి ఎత్తకు.

షహర్బాను


ఇంటర్నేషనల్ సిటీ, దుబాయ్
జనవరి చివర

వదినా, సలాం.

నాకు నచ్చలేదు. ముందే చెప్తున్నాను.

మనిషి ఇంట్లో ఉన్నాడు. ఫోన్ ఇంట్లో ఉంది. నొక్కితే ఫోటో వస్తుంది. దానికి ఇంత దూరంలో ఉన్న నన్ను మాటలు రాయమంటున్నావు. గడ్డం గీసుకోవడానికి కూడా తీరిక దొరకని ఉద్యోగం కల్బాలో ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.

అయినా అమ్మ పేరు చెప్పావు కాబట్టి చేశాను. ఎలా చేశానో కూడా చెప్తాను, ఎందుకంటే నువ్వు ఇదేదో మంత్రం అనుకుంటున్నావు. "బాగుండేట్టు" అంటే ఈ యంత్రానికి ఏమీ తెలియదు. బాగుండాలి, అందంగా ఉండాలి అని రాస్తే సబ్బు ప్రకటనలో మనిషిని తెచ్చి నిలబెడుతుంది. కల్బా షాపులో మనిషి అని రాశాను. అరబ్బుల తెల్ల కందూరా తొడిగి, చేతి మీద డేగను కూర్చోబెట్టింది. సరే అని, దుబాయ్‌లో ఇండియా పనివాడు అని రాశాను. ఏమిచ్చిందో తెలుసా? పసుపు హెల్మెట్, మొహం నిండా దుమ్ము, ఏడవబోతున్న కళ్ళు, వెనక పెద్ద పెద్ద టవర్లు, వాటి మధ్య మునుగుతున్న సూర్యుడు. ఎన్నిసార్లు అడిగినా అదే. కంప్యూటర్ ఎత్తి రోడ్డు మీద వెయ్యాలనిపించింది. మనమంటే దానికి తెలిసింది అంతే. దానికి నేర్పినవాళ్ళకు కూడా అంతకు మించి తెలిసి ఉండదు.

అందుకే దానికి మన అభిప్రాయం చెప్పకూడదు. కంటికి ఏం కనపడాలో అది చెప్పాలి. ఎవరు, ఏం చేస్తున్నాడు, ఎక్కడ, వెలుగు ఏ వైపు నుంచి, ఫోటో తీసేవాడు ఎంత దూరంలో. ఇదిగో నేను రాసింది: ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, పరుపులు కుట్టే షాపు, మెడలో కొలత టేపు, ఎడమ పక్క తలుపులోంచి పగటి వెలుగు, మామూలు ఫోన్‌తో ఎదురుగా నిలబడి తీసిన ఫోటో. మొహం కోసం మీ నిఖా రోజుది పాత ఫోటో ఒకటి చూపించాను. చేతులకు ఎప్పుడూ ఏదో ఒక పని చెప్పాలి, ఊరికే వదిలేస్తే ఆరో వేలు మొలిపిస్తుంది. అందుకని మెరూన్ గుడ్డ చుట్ట పట్టించాను.

ప్రింటు ఇందులో ఉంది. కవరుకు చుట్టూ పిన్నులు కొట్టాను. ప్రసాద్ మంచివాడే, కాని దారి పొడుగు, ట్రాఫిక్ ఎక్కువ.

షాపు అకౌంటులో నేను ఏం రాసినా మా మేనేజర్‌కు, ఆ ముదీర్‌కు కనపడుతుంది. ఇదెవరు అని అడిగాడు. కస్టమర్ అని చెప్పాను. మా అన్నను కస్టమర్‌ను చేశాను. ఇప్పుడు చెప్పు, అన్నకు ఎందుకు తెలియకూడదు?

తస్లీమా


కల్బా
ఫిబ్రవరి

తస్లీమాకు,

ఫోటో అందింది, అత్తమ్మకు చేరింది. ఆమె వీధి వీధంతా తిప్పి చూపించిందట. "నా కొడుకు చంద్రుని మాదిరి ఉండాడు" అని ఫోన్‌లో ఒకటే మురిపెం. నీ చేతికి ఏమిచ్చినా తక్కువే.

ఇంకొకటి కావాలి. ఫర్దీన్ మేనమామ ఉన్నాడే, ఆ ఇంట్లో ఆయన మాటే మాట. ఫోటో చూసి, "ఒగడే ఉండాడే, పెండ్లాం యాడ" అన్నాడట. అందుకని మేమిద్దరం సముద్రం ఒడ్డున కూర్చున్నట్టు చెయ్యి. నా ఫోటో ఇందులో పెట్టాను. మీ అన్న చేతులు రెండూ కనపడాలి, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉండాలి. చేతుల్లో గుడ్డలూ గిడ్డలూ ఏమీ పట్టించకు. గడ్డం వద్దు. మొహం నున్నగా, అంతా ఒకే రంగులో, శుభ్రంగా ఉండాలి.

ఎందుకు తెలియకూడదు అని అడిగావు. మొగుడూ పెళ్ళాల మధ్య వంద ఉంటాయి. రేపు నీకూ తెలుస్తుంది.

షహర్బాను


ఇంటర్నేషనల్ సిటీ
ఫిబ్రవరి చివర

వదినా,

రెండో ఫోటో ఇందులో ఉంది. గడ్డం వద్దు అన్నావు. నువ్వు అన్నట్టే రాస్తే ఈ యంత్రం గడ్డం అనే మాటను పట్టుకుని బొడ్డు దాకా పెంచింది. దీనికి "వద్దు" వినపడదు. వద్దన్నదాన్నే ముందు తెచ్చి పెడుతుంది. కావలసింది మాత్రమే చెప్పాలి. అందుకని ఇప్పుడే గీసిన నున్నటి చెంపలు అని రాశాను. నువ్వు అడిగినట్టే మొహమంతా ఒకే రంగు. సముద్రం కుదిరింది. నువ్వు బాగా వచ్చావు. అన్నే నాకు నచ్చలేదు, దుకాణంలో బొమ్మలా ఉన్నాడు. కాని నువ్వు అడిగింది అదే.

ఇక అసలు మాట.

ఆదివారం అన్నకు ఫోన్ చేశాను. బాగా మాట్లాడాడు, నవ్వాడు, ముదీర్ నన్ను తిడుతున్నాడా అని అడిగాడు. వీడియో పెట్టమన్నాను. నెట్ బాగాలేదన్నాడు. గొంతు మాత్రం పక్క గదిలోంచి వచ్చినంత బాగా వినపడుతోంది. రంజాన్‌లో ఒక రోజు దుబాయ్ రమ్మన్నాను. పని అన్నాడు. పోయిన బక్రీద్ నుంచి నేను మా అన్న మొహం చూడలేదు. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, నాదే బుద్ధి తక్కువ.

ప్రసాద్‌ను కూడా అడిగాను. "మీ అన్న గల్లా కాడ కనవడ్తలేడు. ఎన్కాల్నే ఉంటుండట. కవరు మీ వదిననే వచ్చి తీస్కుంటది" అన్నాడు. కొలతలు తీసుకోవడానికి ఇళ్ళకు వెళ్ళేవాడు, కస్టమర్‌తో అరబ్బీలో జోకులు వేసేవాడు, ఆ మనిషి వెనక గదిలో ఏం చేస్తున్నాడు?

ఫోటోలో చేతులు కనపడాలని ఎవరైనా అడుగుతారా? అన్న చెయ్యి మెషీన్‌లో ఏమైనా పడిందా? లేక అసలు అక్కడ లేడా? మీరిద్దరూ విడిపోయి, నా సంబంధం చెడిపోతుందని కలిసి ఉన్నట్టు ఫోటోలు చేయించుకుంటున్నావా? నాకు తెలియకుండా నా పెళ్ళికి ఏదో అతుకు వేస్తున్నారు. ఆ అతుకు నా చేతే కుట్టిస్తున్నారు. అది ఇంకా మంట.

తస్లీమా


కల్బా
మార్చి, రంజాన్ మొదటి వారం

తస్లీమాకు,

మీ అన్నను నేను అమ్ముకోలేదు. ఇక్కడే ఉన్నాడు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఉపవాసాలు ఉంటున్నాడు. చేతులు రెండూ ఉన్నాయి, వేళ్ళు పదీ ఉన్నాయి. నువ్వు నా మీద పెట్టిన అనుమానాలు చదివి రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను.

కాని అవసరం నాది. రెండో ఫోటోను అత్తమ్మ బొమ్మలా ఉందంది. ఆ మేనమామ ఇంకో మాట అన్నాడట. "దీంట్లో ఏందో మతలబు ఉంది, మనిషి మింద మనిషిని అతికించినట్టుండాది" అని. మొదటి ఫోటోను కూడా మళ్ళీ తెప్పించుకుని కళ్ళజోడు పెట్టుకుని చూశాడట. ఇలాగే వదిలేస్తే మాటలు పెరుగుతాయి. పండుగకు ఒకటి పంపుతానని అత్తమ్మకు చెప్పాను. ఎవరూ వేలు పెట్టలేనట్టు, ఎవరు చూసినా మనిషే అనుకునేట్టు ఒక్కటి చెయ్యి. ఇదే ఆఖరు.

షహర్బాను


ఇంటర్నేషనల్ సిటీ
ఏప్రిల్, పండుగ ముందు వారం

వదినా,

నా ప్రశ్నలకు జవాబు లేదు. నీ పనికి మాత్రం జవాబు కావాలి. సరే. చేశాను. ఎందుకు చేశానంటే బొమ్మలా ఉందన్న మాట నాకు కూడా తగిలింది.

తప్పు ఎక్కడుందో కనిపెట్టాను. నువ్వు అడిగిన నునుపులో ఉంది. మనిషి చర్మం ఎక్కడా నున్నగా ఉండదు. అద్దంలో చూసుకో, ముక్కు పక్కన ఒక రంగు, నుదురు మీద ఒక రంగు. యంత్రం ఆ తేడాలన్నీ తుడిచేస్తుంది, అందుకే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఈసారి తిరగేసి రాశాను. చర్మ రంధ్రాలు కనపడాలి, పై పెదవి మీద చెమట, మెడ దగ్గర ఎండకు కమిలినట్టు, చర్మం అంతా ఒకే రంగులో ఉండకూడదు, అక్కడక్కడ రంగు మారాలి. తీసేవాడి చెయ్యి కొంచెం కదిలినట్టు. ట్యూబ్‌లైట్ వెలుగు. వెనక దూది బస్తాలు, సర్దకుండా.

మొదట వచ్చినవి పారేశాను. ఒకటి వచ్చింది. దాన్ని చూసి కుర్చీలో వెనక్కి వాలాను. మా అన్న వచ్చి నా ముందు కూర్చున్నట్టుంది. నోటి చుట్టూ, ఎడమ కంటి కింద రంగు కొంచెం తెల్లబారింది. లైటు పడినట్టుంది, బాగుందని అలాగే ఉంచాను. ఇన్నాళ్ళలో నేను చేసిన వాటన్నిటిలో ఇదే మంచిది. దీన్ని ఎవరైనా బొమ్మ అంటే నేను ఈ ఉద్యోగం మానేసి మళ్ళీ కప్పులు ప్యాకింగ్ చేసుకుంటాను.

ముందే పండుగ ముబారక్. అన్నకు నేను చెప్పానని చెప్పు. చెప్పలేవు కదా.

తస్లీమా


కల్బా
ఏప్రిల్, పండుగ తర్వాత

నీకు ఎవరు చెప్పారు?

ప్రసాదా? వెనక గదిలో పనిచేసే వాళ్ళెవరైనా ఫోన్ చేశారా? తెలిస్తే తెలిసిందని ఒక మాట రాయాల్సింది. తెలిసి, నోరు మూసుకుని, బొమ్మ చేసి పంపుతావా? నోటి చుట్టూ. ఎడమ కంటి కింద. సరిగ్గా ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే పెట్టావు. పైగా బాగుందని ఉంచావు. నీ నోరు దురుసని తెలుసు, కాని మనసు ఇంత దురుసని తెలియదు.

ఆ రోజు నాకు జ్వరం. ప్రసాద్ కవరు తెస్తే మీ అన్న అందుకున్నాడు. ఆయనే పిన్నులు పీకి తీశాడు. ప్రింటు చూశాడు. నీ ఉత్తరం మడత విప్పలేదు, నా దిండు మీద పెట్టాడు. "తస్లీమాకు తెలుసన్నమాట" అన్నాడు, అంతే. పండుగ నమాజుకు పోలేదు. మీ అన్న, పండుగ నమాజుకు పోలేదు.

అవును, బొల్లి. పోయిన బక్రీద్ అయ్యాక వేళ్ళ మీద మొదలైంది. సున్నం అనుకున్నాం. తర్వాత మణికట్టు, తర్వాత నోరు. డాక్టర్ ఇది అంటుకునేది కాదన్నాడు, పూత మందు ఇచ్చాడు, ఓపిక పట్టమన్నాడు. మీ షాపులో లాగే ఇక్కడా ఒక ముదీర్ ఉన్నాడు, కస్టమర్లు కొలతలకు వేరే మనిషిని పంపమన్నారని ఆయన వెనక గదిలో దూది పని చెప్పాడు. ఆయన చెప్పకముందే మీ అన్న వెనక్కి పోయాడు, అది కూడా రాస్తున్నాను.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది మీ అన్నే. "దానికి తెలిస్తే దాచుకోదు, దాని సంబంధం అదే పాడు చేసుకుంటాది. పెండ్లయ్యేదాకా నన్నెవరూ చూడకుంటే చాలు" అన్నాడు. ఫోటోల పని మాత్రం నాది, ఆయనకు తెలియదు. ఇప్పుడు అదీ తెలిసింది. అన్న రక్తంలో ఉంటే చెల్లెలి పిల్లలకు వస్తుందని ఆ ఇంట్లో అనరా? మన ఇంట్లో అయితే మనం అనమా?

నీ గొప్ప ఫోటో నా దగ్గరే ఉంది. అత్తమ్మకు పంపలేదు.

షహర్బాను


ఇంటర్నేషనల్ సిటీ
ఏప్రిల్ చివర

వదినా,

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్కడక్కడ రంగు మారాలి అని నేను రాశాను. ఎక్కడ మార్చాలో నేను చెప్పలేదు, యంత్రం దాని ఇష్టం వచ్చిన చోట మార్చింది. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. మూడు ఉత్తరాల్లో అడిగాను, ఏమైంది అని. నిజం రాయలేదు. ఇప్పుడు యంత్రం పొరపాటున పెట్టిన రెండు మచ్చలకు నన్ను రాక్షసిని చేస్తున్నావు.

నా పెళ్ళి కోసం అన్నను గోడ వెనక పెట్టారు. నన్ను అడిగారా? నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఒక రోజు అన్న చూడడానికి వస్తాడు కదా. అప్పుడేం చేద్దామనుకున్నారు, గుమ్మంలో ప్రింటు అతికిస్తారా? ఒట్టు వేసిన నీకు, వేయించిన ఆయనకు, ఇద్దరికీ బుద్ధి లేదు.

శుక్రవారం సగం రోజు సెలవు. ఫుజైరా బస్సు ఎక్కి అక్కడి నుంచి షేర్ కారులో వస్తాను. వెనక గది తాళం తీసి పెట్టు.

తస్లీమా


కల్బా
మే

తస్లీమాకు,

నువ్వు వచ్చి వెళ్ళిన దగ్గరి నుంచి ఈ ఇంట్లో నీ పేరు ఎత్తితే మీ అన్న లేచి వెళ్ళిపోతున్నాడు. కారణం నీకు తెలుసు.

వచ్చావు, నీళ్ళు కూడా తాగకుండా ఆయన చెయ్యి పట్టుకుని వెనక గదిలోంచి షాపు ముందుకు లాక్కొచ్చావు. పగటి వెలుగులో నిలబెట్టావు. నువ్వు ఏడుస్తావనుకున్నాను, తిట్టావు. ఆయనకు అదే నచ్చింది, చాలా రోజులకు నవ్వాడు. ఫోటో తీస్తానంటే ఏమన్నాడు? "తీసుకో. నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. నీ బస్సు దుబాయ్ చేరకముందే అది ప్రొద్దుటూరు చేరింది.

ఇప్పుడు అక్కడేం జరిగిందో విను. అత్తమ్మ ఏడవలేదు. ఫోన్ చేసి నవ్వింది. "ఆ పిల్లకు ఈ సంబంధం ఇష్టం లేదు. మిషన్లో బొమ్మలు చేసే ఉజ్జోగం కదా, అన్న మొగానికి సున్నం పూసి పంపింది. ముందర రెండు ఫోటోలు చూళ్ళేదా నేను?" అంది. నువ్వు చేసిన ఆ రెండు ఫోటోలే నీ మీద సాక్ష్యం. తర్వాత మీ అన్నను ఇమ్మంది. "నిజమేనా నాయనా?" అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన "తస్లీమాకు కోపం ఎక్కువ, నీకు తెలుసు కదమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. నేను కూడా నోరు తెరవలేదు.

ఫర్దీన్ మేనమామకు మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు. వచ్చే శుక్రవారం పిల్ల అన్న వీడియోలో కూర్చుంటేనే మాట ఖాయం అన్నాడు. ఇక్కడి నుంచి మేము, అక్కడి నుంచి వాళ్ళు, అజ్మాన్ నుంచి ఫర్దీన్. అత్తమ్మ సరేనంది. మీ అన్న అవుననీ కాదనీ అనలేదు.

షహర్బాను


ఇంటర్నేషనల్ సిటీ
మే

అన్నా,

ఇది వదినకు కాదు, నీకు.

మోసం ఫోటోలు రెండు చేశాను, అమ్మ వాటిని వీధిలో తిప్పింది. నిజం ఫోటో ఒకటి తీశాను, నన్ను దొంగను చేశారు. అమ్మ తెలియక చేసింది. నువ్వు తెలిసి చేశావు. నీ దగ్గరే పెట్టుకో అన్నావు, పంపాను, అది నా తప్పు. తిట్టు. కాని అమ్మ అడిగినప్పుడు నన్ను అబద్ధాలకోరుగా వదిలేసి నువ్వు పక్కకు తప్పుకున్నావు. అది నీ తప్పు.

ఫర్దీన్ నాకు నచ్చలేదని అమ్మ అనుకుంటోంది. నచ్చాడు. అమ్మ ముందరే రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. తను చేసే ఏసీ డక్టుల పని గురించి అడిగితే దాచకుండా చెప్పాడు, నా జీతం అడగలేదు. నేను ఈ సంబంధం వదులుకోవాలనుకోవడం లేదు. అందుకే చెప్తున్నాను, నీ మొహం దాచి మాత్రం ఆ ఇంటికి వెళ్ళను. దాచి వెళ్తే రోజూ దాచాలి. నా పెళ్ళికి, నా పిల్లల పేర్లు పెట్టే రోజుకు, అన్నిటికీ నువ్వు జ్వరం వచ్చినట్టు పడుకోవాలి. దానికి నేను ఒప్పుకోను.

శుక్రవారం ఒంట్లో బాగాలేదని చెప్పే వీలు నీకు ఉంది. అప్పుడు నేనే ఫర్దీన్‌కు ఫోన్ చేసి వద్దంటాను, కారణం కూడా చెప్తాను. పెద్దవాళ్ళ మాటల్లో పిల్ల ఉండకూడదట, అందుకని నన్ను ఆ కాల్‌లోకి పిలవరు. నేను షాపులో ఎవరిదో పుట్టినరోజు కేకు ప్రింటు చేస్తుంటాను.

తస్లీమా


కల్బా
మే

తస్లీమాకు మీరావలి రాయడమేమంటే,

నువ్వు ఆ ఫోటో పంపకుండా ఉండాల్సింది. అది నా మొహం, నీ షాపు సరుకు కాదు.

నువ్వు చేసిన మొదటి రెండూ వదిన ఫోన్‌లో ఉన్నాయి. సంగతి తెలిసినప్పటి నుంచి రోజూ చూసుకుంటున్నాను. అద్దం కన్నా అవే నాకు బాగున్నాయి. నువ్వెంత తిట్టినా నీకు ఇది అర్థం కాదు.

శుక్రవారం కూర్చుంటానో లేదో చెప్పలేను. నన్ను బెదిరించకు. నేను నీకన్నా పెద్దవాడిని.

మీరావలి


కల్బా
మే చివర

తస్లీమాకు,

నీకు ఎవరు ఎంత చెప్పారో తెలియదు, నేను చూసింది చూసినట్టు రాస్తాను.

జుమా నమాజు అయ్యాక కాల్ పెట్టారు. అప్పటిదాకా మీ అన్న ఏమీ చెప్పలేదు. నేను వెనక గదిలో కుర్చీ వేశాను. ఆయన ఆ కుర్చీ ఎత్తుకుని షాపు ముందుకు వెళ్ళి తలుపు పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌ను గుడ్డల చుట్టకు ఆనించి పెట్టాడు. అటువైపు అత్తమ్మ, ఆ మేనమామ, ఇంకా ముగ్గురు నలుగురు. తెర మీద పక్క చదరంలో ఫర్దీన్, పని బట్టల్లోనే ఉన్నాడు.

మీ అన్న సలాం చెప్పాడు. అత్తమ్మ చేతిలో ఫోన్ కాస్త వంగిపోయింది, ఎవరో సరిచేశారు. మేనమామే మొదలుపెట్టాడు. "ముందర ఫోటోల్లో ఇది లేదే. ఇప్పుడు వీడియోలు కూడా మిషన్లో చేస్తాండారంట. ఇది మనిషేనా, ఆ పిల్ల చేసి పెట్టిన బొమ్మనా?" అన్నాడు. ఆయన ఎగతాళిగా అనలేదు తస్లీమా, నిజంగానే అడిగాడు. రెండుసార్లు మోసపోయిన మనిషి. ఆ మోసం నేను చేయించిందే.

మొహం తుడిచి చూపించమన్నాడు.

మీ అన్న నా వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. ఒక గుడ్డ ముక్క తడిపి ఇచ్చాను. నోటి చుట్టూ తుడిచాడు. "కంటి కింద" అన్నాడు మేనమామ. అక్కడా తుడిచాడు. చుట్టూ చర్మం ఎర్రబడింది, తెలుపు తెలుపుగానే ఉంది. మీ అన్న ఎవరూ అడగకపోయినా మళ్ళీ నోటి దగ్గరి నుంచి మొదలుపెట్టాడు. ఇంకా గట్టిగా తుడుస్తున్నాడు. నేను గుడ్డ లాక్కోబోయాను, వదల్లేదు.

"చాలు" అంది అత్తమ్మ. "చాల్లే నాయనా, తోలు లేచిపోతాది."

తర్వాత మేనమామతో అంది. "చూసినారు కదా. మా వాడే. మీరింక లేయండి."

ఫోన్ పైకప్పుకు తిరిగింది. ఫ్యాను, దాని చుట్టూ బూజు, అంతే కనపడింది. కుర్చీలు జరిగిన చప్పుడు విన్నాను. ఫర్దీన్ చదరం నల్లగా ఉంది. అతను మేనమామ లేవకముందే వెళ్ళాడో, లేచాక వెళ్ళాడో నేను చూడలేదు. నువ్వు తర్వాత అనుమానించకూడదని ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. అతన్ని నువ్వే అడుగు.

మీ అన్న ఫోన్ కట్ చేయబోయాడు. అప్పుడు అత్తమ్మ మొహం మళ్ళీ వచ్చింది, తెరకు చాలా దగ్గరగా, ఆమె వెనక ఎవరూ లేరు. కోపమో ఏడుపో నాకు తెలియలేదు. చాలాసేపు చూసింది.

"మీరా, ముందుకు రా. సరిగ్గా కనపడలా" అంది.

ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

"ఇంకా" అంది. ఆయన ఇంకా జరిగాడు.

షహర్బాను